గడియ పడే గది

సోమవారం రాత్రి అమెరికా నుంచి మా మేనకోడలు ఒక లెక్కల పట్టీ పంపింది. జనవరిలో పద్దెనిమిది రోజులు కొలంబియా దేశపు కరీబియన్ తీరం వెంట, వీపుకో సంచి తగిలించుకుని, ఒక్కతే తిరిగొచ్చింది. ఏ రోజు ఎంతయిందో చిల్లరతో సహా రాసింది. "మామయ్యా, నువ్వు చెప్పినట్టే తిరిగాను. దిద్ది పంపు" అని కింద ఒక ముక్క.

చదువుతుంటే ముందు సంతోషమే కలిగింది. కార్తహేనా కోటగోడల మీద సాయంత్రాలు కూర్చోవడానికి ఖర్చేమీ లేదు, అక్కడ సున్నా వేసింది. శాంతా మార్తా దాటాక తయ్‌రోనా అనే అడవి ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున పాక కింద వరసగా కట్టిన వల ఊయలలు అద్దెకిస్తారు. రెండు రాత్రులు వాటిలోనే పడుకుంది. ఆ ఊయలకి వాళ్లు అనే అమాకా అన్న పేరు స్పానిష్ వాళ్లు రాకముందు కరీబియన్ దీవుల్లో బతికిన తైనో జనం మాటట. పొద్దున మొక్కజొన్న రొట్టె, మధ్యాహ్నం కొబ్బరిపాలతో వండిన అన్నం, వేపుడు చేప. ఊళ్ల మధ్య ఎక్కినవన్నీ అక్కడి జనం ఎక్కే బస్సులే. నా శిష్యురాలే అనుకున్నాను.

ఆ పక్కనే "రాత్రి" అని ఒక గడి కనిపించింది. ఇరవై నిమిషాలు నడిస్తే చేరే బసకి చీకటి పడిందని టాక్సీ. పన్నెండు మంచాల గది చవగ్గా ఉంటే, ఆడవాళ్లకి మాత్రమే ఇచ్చే నాలుగు మంచాల గదికి ఎక్కువ డబ్బు. రాత్రి బస్సు వదిలేసి, మర్నాడు పగటి బస్సు కోసం ఒక పూట అదనపు అద్దె. కార్తహేనా నుంచి పనామాకి పడవలో వెళ్లడానికి, పడవలో ఇంకో ఆడమనిషి ఉండేదాకా రెండు రోజులు ఆగడం. ఆ గడి మొత్తం కూడితే పెట్టిన ప్రతి మూడు రూపాయల్లో ఒకటి దానికే పోయింది. నాకు కోపం వచ్చింది. పట్టీని అచ్చు తీయించి ఆ గడి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాను. ఈ వారం రాయాల్సింది ఇదేనని కూర్చున్నాను.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి నా పద్ధతి తెలుసు. ఒక గుడ్డసంచి, రెండు జతలు, ఒక తువ్వాలు, ఒక స్టీలు సీసా. గదికి పెట్టే డబ్బు దారికి పెట్టండి. నీళ్లు బాగా తాగండి. పడుకోవడానికి అరుగు చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన మాచవరపు ఆదినారాయణ గారు వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి "భ్రమణకాంక్ష" రాశారు. ఆ పుస్తకాన్ని ఈ పేజీలో ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు కూడా నేను రాసింది అదే ధోరణి. ఊరికే వచ్చేది రవాణా అవుతుంది కానీ ప్రయాణం కాదు, జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటూ పోయినవాడికే దారి విలువ తెలుస్తుంది అన్నాను. కొందరు ఉత్తరాలు రాశారు. నేను వెనక్కి తగ్గలేదు.

మన మెట్ట ప్రాంతానికీ సముద్రానికీ ఉన్న సంబంధం గురించి కూడా ఇక్కడ చాలాసార్లు రాశాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. కృష్ణా అనే పేరూ, బందరూ, తీరమంతా అటు ఉండిపోయాయి. అప్పటిదాకా మనది సముద్రం ఉన్న జిల్లా. ఒక ఉదయం లేచేసరికి కాదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. జగ్గయ్యపేట ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన స్తూపాన్ని చూడండి. అదేదో ఊరికి దూరంగా మౌనంగా కూర్చున్న దిబ్బ కాదు. కింద ఘంటసాల రేవు నుంచి భట్టిప్రోలు, అమరావతి మీదుగా కృష్ణ వెంట ఎగువకి సాగిన దారిలో ఒక మజిలీ. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కొంటకోసిల అనే రేవు ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. ఘంటసాల శాసనాల్లో ఒక మహానావికుడి దానం ఉంది. ఓడ దిగిన సరుకూ, సరుకు వెంట భిక్షువులూ మన పాలేటి ఒడ్డుదాకా వచ్చేవాళ్లు. పేటకి అప్పుడున్న సముద్రం ఇప్పుడు లేదు.

అందుకే మెట్ట మనిషి ఏడాదికోసారైనా నది వెంట దిగువకి పోవాలని నా పట్టుదల. బెజవాడ బస్‌స్టాండ్‌లో అవనిగడ్డ బస్సు ఎక్కేటప్పుడు కరకట్ట మీదుగా పోయేది అడిగి ఎక్కండి. డ్రైవరు వైపు కిటికీ పట్టుకోండి, నది దారిపొడుగునా అటే ఉంటుంది. శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉంది. కళింగ దండయాత్రకి పోతూ కృష్ణదేవరాయలు ఆగింది అక్కడే, ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో అడిగింది అక్కడే. రాజైనా దారిలో ఒక రాత్రి ఆగబట్టే కదా ఆ కల వచ్చింది. తర్వాత మోపిదేవి, పులిగడ్డ దాటాక దివిసీమ. రెండు పాయల మధ్య, సముద్రం ముందు, మూడు వైపులా నీళ్లున్న నేల. దాని కొసన, సముద్రానికి ఆనుకుని ఎదురుమొండి దీవి.

ఎదురుమొండి కథ మళ్లీ చెప్పక తప్పదు.

1988 జనవరి, సంక్రాంతి దాటింది. నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయి ఏడాదైంది, ఉద్యోగం లేదు, జేబులో డెబ్బై రూపాయలున్నాయి. నందిగామ దగ్గర హైదరాబాద్ రోడ్డు మీద సిమెంటు లారీ ఆపి బెజవాడ చేరాను. దారిలో ఒక సత్రంలో గది అడిగితే, ఒంటరిగా వచ్చినవాళ్లకి ఇవ్వమన్నారు. ఆ సత్రం అరుగు మీదే తువ్వాలు పరుచుకుని పడుకున్నాను. ఎవరూ లేపలేదు. తెల్లారి లేచేసరికి ఒక పెద్దాయన నా పక్కన గ్లాసుడు టీ పెట్టి వెళ్లాడు. అరుగు చాలు అనే నా సిద్ధాంతం అక్కడ పుట్టింది.

నాగాయలంక నుంచి ఏటిమొగకి నడిచాను. రేవులో రెండు నాటుపడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు ఉంది. సైకిళ్లు, మేకలు, కిరసనాయిలు డబ్బాలు, జనం, అందరం దాని మీదే. "పాటు మొదలైతే ఇక కదలదు, ఎక్కండెక్కండి" అని పంటువాడు తొందర పెట్టాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. నీళ్లకి పోటూ పాటూ ఉంటాయని, మనిషి పయనం వాటిని బట్టి ఉంటుందని, వేదాద్రి రేవులో ఈత నేర్చిన నాకెలా తెలుస్తుంది? మన దగ్గర కృష్ణ ఒకవైపే పోతుంది. అక్కడ రోజుకి రెండుసార్లు వెనక్కి తిరుగుతుంది. గట్టు పొడుగునా మడచెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వాటి వేళ్లు, ఆ ఉప్పుబురద వాసన.

దీవిలో కాలాన్ని ఉప్పెనకి ముందు, ఉప్పెనకి తర్వాత అని లెక్కపెట్టేవాళ్లు. 1977 నవంబర్ 19కి అప్పటికి పదేళ్లు దాటింది. పదివేల మందికి పైగా పోయారని పుస్తకాల్లో చదివాను. అక్కడ ఆ సంఖ్య ఎవరి నోటా రాలేదు. ఎవరి ఇంట్లో ఎవరు మిగిలారో చెప్పుకునేవాళ్లు. ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టరు ఎత్తయిన స్తంభాల మీద నిలబడి ఉంది. పగలు అందులో పిల్లలకి బడి. సాయంత్రం దాని మెట్ల మీద కూర్చుంటే, చేపలు కడుగుతున్న ఒకావిడ పలకరించింది.

"ఎవరి తాలూకు బాబూ?"

ఎవరి తాలూకూ కాదు, సముద్రం చూడటానికి వచ్చానన్నాను. ఆవిడ చేతిలో పని ఆపింది. "సముద్రాన్ని చూడ్డానికి మనం వెళ్లడమేంటి? అదే వస్తది మనల్ని చూడ్డానికి" అంది.

చీకటి పడ్డాక పిలిచి వేడన్నం, ఎండురొయ్యలు వేసిన వంకాయ పులుసు పెట్టింది. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది. నందిగామ ఎక్కడుందని అడిగింది. బెజవాడకి అవతల అని చెప్పాను. ఆవిడ బెజవాడ చూడలేదు. కాన్పు కష్టమైతే అవనిగడ్డ దాకా తీసుకెళ్లారట, అదే దూరాభారం. ఆ రాత్రి షెల్టరు వసారాలో పడుకున్నాను. నేలంతా సముద్రపు హోరు. తెల్లవారుజామున వాళ్లాయనతో కలిసి వల లాగటానికి వెళ్లాను. అక్కడ నాలుగు రాత్రులుండి ఇల్లు చేరేసరికి నాకైన ఖర్చు నలభై ఒక్క రూపాయలు. ఈ ముప్ఫై ఎనిమిదేళ్లలో నేను చేసిన ఏ ప్రయాణమూ దాని దరిదాపుల్లోకి రాలేదు. ఈ కాలమ్‌లో దీన్ని మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఆవిడ మంచితనం గురించే రాశాను.

గురువారం మా అక్క పేట నుంచి వచ్చింది. మేనకోడలి తల్లి. అరవై నాలుగేళ్లు. సంచీలో నిమ్మకాయ ఊరగాయ సీసా, చేతిలో ఉచిత బస్సు ప్రయాణానికిచ్చే జీరో టికెట్. మాఘ పున్నమి తిరనాళ్ల రద్దీ తగ్గాక హంసలదీవి వెళ్లొచ్చామని చెప్పింది. పొదుపు సంఘంలో తనతో ఉండే ముగ్గురూ తనూ. వాళ్లలో ఇద్దరు ఒకరోజు మిరపకోత కూలి వదులుకుని వచ్చారు. నలుగురిలో ఎవరూ అంతకుముందు సముద్రం చూడలేదు. మా అక్క కూడా చూడలేదని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఏటా వెళ్తూనే ఉన్నాను.

ఎలా వెళ్లారో అడిగాను, నా వృత్తి అది కాబట్టి. తెల్లవారుజామున పేటలో మొదటి బస్సు. ఆధార్ కార్డు చూపించి టికెట్ తీసుకున్నారు. కోదాడ బస్సుకి ఆ టికెట్ చెల్లదు కానీ, బెజవాడ వైపు అడ్డులేదు. డబ్బా నిండా పులిహోర, తలా అరడజను అరటిపళ్లు. బెజవాడ, అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని ఆటో మాట్లాడుకుని పాలకాయతిప్ప వెళ్లారు.

"నీళ్లు తాగారా దారిలో? ఎండ బాగానే ఉంది కదా" అన్నాను.

"పేటలో బయల్దేరిందగ్గర్నుంచి బెజవాడ దాకా ఒక్క గుక్క తాగలేదురా. అవనిగడ్డ నుంచి మళ్లీ తాగలేదు."

"ఎందుకు?"

మా అక్క నా మొహం చూసి ఊరుకుంది. నాకు కాసేపటికి గానీ వెలగలేదు. నీళ్లు బాగా తాగండని ఎన్ని వారాలు రాశాను! పొలం గట్టున బస్సు ఆగితే దిగి పని కానిచ్చుకునేవాడు రాసిన మాట అది.

సముద్రం దగ్గర ఎంతసేపున్నారంటే నలభై నిమిషాలంది. ఆరేడు గంటలు ప్రయాణం చేసి నలభై నిమిషాలు. అలలు లోపలికి లాగేస్తాయని అక్కడివాళ్లు హెచ్చరిస్తే మోకాలి లోతు దాటలేదు. నలుగురూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడ, వేదాద్రిలో మనం వేసిన పసుపూ కుంకుమా ఇక్కడికే వస్తాయా అని అడిగిందట. బ్యారేజీ గేట్లెత్తితే వస్తాయని నేను చెప్పాను. సాయంత్రం బస్సు తప్పితే రాత్రి ఎక్కడుండాలో తెలియక, ఎండ తగ్గకముందే వెనక్కి తిరిగారు. సూర్యుడు దిగేదాకా ఉంటే బాగుండేదని నలుగురూ బస్సులో అనుకుంటూనే వచ్చారట.

"ఉండాల్సింది కదక్కా, గుళ్లో ఏదో ఒక వసారా చూసుకుని" అన్నాను. అలవాటుగా వచ్చేసిందా మాట.

మా అక్క బల్ల మీదున్న పట్టీ తీసుకుంది. కూతురి లెక్క కాబట్టి గడి గడీ చదివింది. ఎర్ర సున్నా దగ్గర ఆగింది. "ఇదెందుకు చుట్టావు? దాని ఖర్చు మొత్తంలో దండగ కానిది ఇదొక్కటేగా" అంది. తర్వాత నెమ్మదిగా, "నీ ఎదురుమొండి ఆవిడ నందిగామ చూద్దామని బయల్దేరిందనుకో. మన బస్‌స్టాండ్ మెట్ల మీద పడుకోగలదా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ బెజవాడ చూడకపోవడానికి డబ్బు కారణమని ముప్ఫై ఎనిమిదేళ్లుగా అనుకున్నాను. ఆ సంగతి ఆవిణ్ణి అడగలేదు. డెబ్బై రూపాయలతో నేను తిరగగలిగాను కాబట్టి ఎవరైనా తిరగొచ్చని రాశాను. నన్ను ఒంటరివాడని సత్రంలోకి రానివ్వకపోతే అరుగు దొరికింది, అరుగు మీద టీ దొరికింది. అదే రాత్రి ఒక ఆడమనిషి ఒంటరిగా వచ్చుంటే గదీ ఇవ్వరు, అరుగు మీద నిద్రా పట్టదు. ఆదినారాయణ గారే "స్త్రీ యాత్రికులు" అని ఇంకో పుస్తకం చేశారు. నా అలమరలో ఉంది. సాహసకథల్లా చదివి పెట్టేశాను. వాళ్లంతా రాత్రి పూట తలుపు ఎలా మూసుకున్నారన్నది ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ రాత్రే మేనకోడలికి వీడియో కాల్ చేశాం. కూతురు చెబుతుంటే మా అక్క అడిగినవన్నీ నేనెప్పుడూ అడగని ప్రశ్నలు. నాలుగు మంచాల గదిలో మిగతా ముగ్గురూ ఎవరు, గడియ లోపల్నుంచా బయట్నుంచా, మరుగుదొడ్డి గదిలోనేనా నడవలోనా, ఊయలలో పడుకున్నప్పుడు పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావు. పిల్ల ఒక్కోదానికీ తడుముకోకుండా చెప్పింది. కొత్త ఊరికి పొద్దుండగానే చేరడం తన మొదటి నియమమట. దారి అడిగితే దుకాణంలో ఉన్న ఆడవాళ్లనే అడుగుతుంది. ఊయలకైతే చుట్టూ నలభై మంది ఉంటారు కాబట్టి భయం లేదంది. చవక గది కన్నా ఆ పాక నయమట. ఇవన్నీ ఆ "రాత్రి" గడిలో ఉన్నాయి. నేను దుబారా అని చుట్టింది ఆ పిల్ల నేర్చిన విద్య.

కొలంబియాకీ పనామాకీ మధ్య రోడ్డు లేదు. ఖండం పొడుగునా వచ్చే రహదారి దరియెన్ అడవి దగ్గర తెగిపోతుంది. అందుకే పడవ. దారిలో గూనా అనే ఆదివాసుల దీవులు, చిన్నవీ పెద్దవీ కలిపి మూడు వందలకి పైనే. 1925లో తిరగబడి స్వపరిపాలన తెచ్చుకున్నారు. బయటివాళ్లు ఎక్కడ దిగాలో ఎక్కడ దిగకూడదో వాళ్లే చెబుతారు. "మన లంకల్లాంటివేనా?" అని మా అక్క అడిగింది. అలాంటివేనంటూ మేనకోడలు ఇంకో సంగతి చెప్పింది. అక్కడ పెళ్లయ్యాక అబ్బాయే అమ్మాయి ఇంటికి వెళ్తాడు. ఆడవాళ్లు రంగు రంగుల గుడ్డలు పొరలు పొరలుగా కుట్టి మోలా అనే రవికె పట్టీలు చేసి, ధర తామే చెప్పి అమ్ముతారు. అది విన్నాక మా అక్క చాలాసేపు మాట్లాడలేదు. పద్దెనిమిదో ఏట నందిగామ నుంచి పేటకి వెళ్లిన మనిషి. రెండూళ్ల మధ్య ఉన్నవి దాదాపు ముప్ఫై కిలోమీటర్లే. ఆవిడ జీవితంలో పెద్ద ప్రయాణం అదే.

చవగ్గా తిరగడం గొప్ప విద్య అని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఆ విద్యలో మొదటి పాఠం నేను తప్పు చెప్పాను. జీరో టికెట్ మీద రాసిన మాట కూడా తప్పే. నలభై ఆరేళ్లుగా కదలని మనిషిని అది సముద్రం దాకా తీసుకెళ్లింది. పొద్దుగూకకముందే వెనక్కి తెచ్చింది మాత్రం మిగతావి లేకపోవడం. బస్‌స్టాండ్‌లో తలుపు పడే మరుగుదొడ్డి, వీధి దీపం, ఒంటరి మనిషికి కాదనకుండా ఇచ్చే గది. సత్రాలు నిలబెట్టాలని ఇన్నేళ్లుగా రాస్తున్నానే, నలుగురు ఆడవాళ్లు వెళ్లి నిద్రపోగల సత్రం కావాలని ఏనాడూ రాయలేదు.

ఉగాది దాటాక ఆ నలుగురూ మళ్లీ వెళ్తారు. ఈసారి ఏటిమొగ పంటు ఎక్కి ఎదురుమొండి కూడా చూడాలట. రెండు రాత్రులుంటారు. పోటూ పాటూ వేళలు అక్కడ ఎవర్ని అడగాలో రాసిచ్చాను. కరకట్ట బస్సులో ఎటు కూర్చోవాలో చెప్పాను. గది బాధ్యత అక్క నాకు అప్పగించింది.

నిన్న పొద్దున అటువైపు ఒక బసకి ఫోన్ చేశాను. అద్దె ఎంతో చెప్పాడు. తగ్గించమని అడగలేదు. నలుగురు ఆడవాళ్లండీ, మగవాళ్లెవరూ తోడు రారు, ఇస్తారా అన్నాను. ఇస్తామన్నాడు. మరుగుదొడ్డి లోపలే ఉందన్నాడు. ఇన్నేళ్లుగా ఇన్ని ఊళ్లు తిరిగి ఎవరినీ అడగని ప్రశ్న అప్పుడు అడిగాను.

"తలుపుకి లోపల గడియ పడుతుందా?"

అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఉండండి, వెళ్లి వేసి చూసి చెప్తాను" అన్నాడు. ఫోన్‌లో చెప్పుల చప్పుడు, తర్వాత తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. నేను లైన్‌లోనే ఉన్నాను.